తాలు లేని మూట

వంటింటి పక్క గదికి సున్నం వేయిద్దామని ఈమధ్య అటక మీది సామాను దించుతుంటే ఒక పాత పాలపొడి డబ్బా చేతికి వచ్చింది. మూతకు తుప్పు పట్టి ఊడి రాలేదు. గరిటె కాడతో రెండు దెబ్బలు వేస్తే వదిలింది. లోపల ఐదు చిన్న గుడ్డమూటలు. ఒకటి మా అమ్మాయి సరిత చిన్నప్పటి ఆకుపచ్చ లంగా గుడ్డ, ఒకటి మా ఆయన పాత పంచె అంచు, ఒకటి మా అత్తమ్మ రవిక ముక్క. ప్రతి మూట మీదా నీలం సిరాతో ఒక పేరు రాసి ఉంది. సిరా వెలిసిపోయింది కానీ చదవడానికి వస్తుంది. విప్పి చూస్తే పల్లిగింజలు ముక్కిపోయి నల్లబడ్డాయి, కందిగింజలను పురుగు తిని పిండి చేసింది, గులకరాళ్ళు మాత్రం నిన్న ఏరినట్టే ఉన్నాయి. సున్నం వేసే మనిషి తొంగి చూసి, "ఏందమ్మా అవి, నాటు మందా?" అని అడిగాడు. "కాదు నాయనా, ఇవి ఇంజనీర్లు," అన్నాను. అతను నా ముఖం ఒకసారి చూసి నిచ్చెన ఎక్కాడు.

మాది పాన్‌గల్‌కు దగ్గరలో ఒక చిన్న ఊరు. నాలుగెకరాల ఎర్రచెలక, ఒక బావి, రెండు బర్రెలు. వానాకాలం పంట దేవుడి దయ మీద ఉండేది. బావిలో నీళ్ళు ఉంటే యాసంగికి ఎకరంన్నర పల్లి వేసేవాళ్ళం. మా దిక్కు పల్లికాయను బుడ్డలు అంటారు. మాఘమాసం వెళ్ళగానే బుడ్డలు పీకేవాళ్ళం. ఆ రోజుల్లో మా ఇంటి వాసనంతా పచ్చి మట్టి వాసన, ఉడుకుతున్న బుడ్డల వాసన. తెల్లవారగానే జొన్నరొట్టెలు కాల్చి, అదే పొయ్యి మీద పెద్ద గుండిగెడు నీళ్ళు పెట్టి, రాళ్ళ ఉప్పు వేసి కాయలు పోసేదాన్ని. మా అత్తమ్మ గడప దగ్గర కూర్చొని ప్రతి కాయనూ చెవి దగ్గర పెట్టి ఆడించేది. లోపల గింజ నిండుగా ఉంటే చప్పుడు రాదు, గలగలమంటే తాలు. తాలు కాయలన్నీ ఆమె తన ఒడిలో వేసుకునేది. వాటిలో ఉండే ముడుచుకుపోయిన గింజ తియ్యగా ఉంటుందని ఆమె సంబరం. "మంచియి అమ్ముకోండ్రి, తియ్యటియి నాకిడ్సండ్రి," అనేది. పండ్లు లేని నోటితో ఆమె ఆ గింజలు చప్పరిస్తుంటే మా ఆయన, "మా అమ్మ పంట మొత్తం తాలు పోవాలని మొక్కుతుందేమో చూడు," అనేవాడు.

ఆ ఉడికిన బుడ్డలను బుట్టలో పోసుకుని ఆదివారం పూట వనపర్తి బస్టాండుకు తీసుకుపోయేదాన్ని. ఆదివారం మధ్యాహ్నం నుంచి హైదరాబాదు బస్సులకు పిల్లల రద్దీ ఉంటుంది. ఇండ్లకు వచ్చి తిరిగి పోయే పిల్లలు, భుజానికి సంచులు, చేతిలో అమ్మ కట్టిచ్చిన సద్ది. వాళ్ళు మంచి బేరం. బస్సు ఎక్కాక తోచదు కాబట్టి గిద్దెడు, రెండు గిద్దెలు కొనుక్కునేవాళ్ళు. అప్పుడు నాకు అక్షరం ముక్క రాదు. బస్సు బోర్డు చదవలేక రంగును బట్టి, డ్రైవరు ముఖాన్ని బట్టి ఎక్కేదాన్ని. నలభై ఏండ్లు అట్లాగే గడిచాయి, పెద్ద లోటు కూడా అనిపించలేదు. లోటు అనిపించింది సరిత ఇంటర్ రెండో సంవత్సరంలోకి వచ్చాకే.

సరిత లెక్కల చదువు చదివేది. రోజూ బస్సులో వనపర్తి కాలేజీకి వెళ్ళి వచ్చేది. ఆ ఏడాది ఎంసెట్ రాయాలి, ర్యాంకు వస్తే ఇంజనీరింగులో చేరాలి. ఏ ఇంజనీరింగు అన్న దగ్గరే పేచీ. మా తమ్ముడు యాదగిరి వనపర్తిలో ఒక ఆఫీసులో అటెండరు. ఆఫీసులో ఫైళ్ళు మోస్తాడు కాబట్టి లోకంలో అన్ని చదువుల సంగతీ తనకు తెలుసని అతని నమ్మకం. మేనమామ మాటకు మా ఇండ్లలో విలువ ఎక్కువ. "అక్కా, కంప్యూటర్లు తప్ప ఇంకొకటి చదువే కాదు. ఏసీ రూముల కూసుంటది, కాలు మీద కాలేసుకుంటది," అనేవాడు. నాకు ఏసీ అంటే ఏమిటో తెలియదు కానీ, నీడపట్టున కూర్చుని చేసే పని అని అర్థమైంది. అదే నాకు కావాల్సింది. నాకు పదకొండో ఏట నుంచి ఎండ తప్ప వేరే ఆఫీసు లేదు. పల్లిచేలో నడుం వంచి కలుపు తీస్తుంటే వీపు మీద రవిక ఉప్పు పట్టి అట్టలా అయ్యేది. నా బిడ్డ వీపుకు ఆ అట్ట కట్టకూడదు. నా కోరికంతా అంతే.

కానీ సరితది ఇంకో దారి. అంతకు రెండేళ్ళ ముందు మా చెలక మీదుగా కాలువ పోతుందని కొలిచేవాళ్ళు వచ్చారు. మూడు కాళ్ళ మీద ఒక దుర్భిణి నిలబెట్టి దూరంగా గీతల కట్టె పట్టించేవారు. ఆ ఇంజనీరు మంచివాడు. సరిత చుట్టూ తిరుగుతుంటే, "చూస్తవా బిడ్డా?" అని కన్ను పెట్టించాడు. ఆ దుర్భిణిలో అన్నీ తలకిందులుగా కనిపిస్తాయట. అది ఇంటికి పరుగెత్తుకొచ్చి, "అమ్మా, మన చెలక మీదికి ఆకాశం కిందికి ఉన్నది! నాయన తలకాయ మీద నడుస్తుండు!" అని గంతులేసింది. ఆ రోజు నుంచి దానికి సివిల్ పిచ్చి పట్టింది. వాననీళ్ళు వాకిట్లో ఏ దిక్కు పారుతున్నాయో చూసి అటు పుల్లతో కాలువ తీసేది. మా అత్తమ్మ, "పొయ్యి కాడికి నీళ్ళు రప్పిస్తవే పోరీ!" అని తిట్టేది.

"సివిలంటే సిమెంటు బస్తాలు, కూలోళ్ళు. ఆడపిల్ల ఎండల నిలవడుతదా? గదంతా వేరే ఏదీ రానోళ్ళు తీసుకునేది," అన్నాడు యాదగిరి. "నీకు తెల్వదు మామా," అంది సరిత. "నాకు తెల్వదా!" అని అతను లేచి చెప్పులు వేసుకున్నాడు. అన్నం తినకుండా వెళ్ళిపోతాడేమోనని నేను అడ్డం పోయి కూర్చోబెట్టాను. అప్పుడు అన్నాను. "కొట్లాడకండ్రి. ఏ సదువు సదివినోళ్ళకు ఎంత వస్తదో నేనే అడుగుత. బస్టాండుల వందమంది దొరుకుతరు." మా ఆయన గడ్డం గోక్కుంటూ, "బుడ్డలమ్మే దానివి నీకు ఎవరు చెప్తరే?" అన్నాడు. "బుడ్డలు పెడితే ఎవ్వలైనా చెప్తరు," అన్నాను.

నిజంగానే చెప్పారు. అడిగే పద్ధతి ఒకటి పెట్టుకున్నాను. గిద్దెడు కొలిచి పొట్లంలో పోసి, గిద్దను మళ్ళీ నింపి పొట్లం మీద ఆపి పట్టుకుని, "ఏం సదివినవ్ బిడ్డా? ఏం చేస్తున్నవ్? నెలకెంతొస్తది? చెప్తే ఇది ఊరికెనే పోస్త," అనేదాన్ని. కొందరు సిగ్గుపడేవారు. కొందరు, "పిల్లను చూస్తున్నవా ఏందమ్మా?" అని నవ్వేవారు. ఒక కుర్రాడు, "నాకు కట్నం బుడ్డలల్లనే ఇస్తవా?" అన్నాడు. లైన్లో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేను కూడా నవ్వి అతనికి రెండు గిద్దెలు పోశాను. ఇచ్చిన బుడ్డలకు లాభం పోయిందని మా ఆయన గొణిగేవాడు కానీ, సాయంత్రం నేను ఇంటికి రాగానే అందరికంటే ముందు, "ఇయ్యాల ఎంతమంది ఒప్పుకున్నరు?" అని అడిగేది ఆయనే.

విన్నదంతా గుర్తుపెట్టుకోవడం కష్టమైంది. అప్పుడు మూటలు కుట్టాను. కంప్యూటర్లకు ఒకటి, ఎలక్ట్రానిక్సుకు ఒకటి, సివిల్‌కు ఒకటి, మామూలు డిగ్రీకి ఒకటి, పంతులు ట్రైనింగుకు ఒకటి. ఇల్లు గడిచి నాలుగు రూపాయలు మిగిలే జీతమైతే ఆ మూటలో ఒక పల్లిగింజ. తన ఖర్చుకు సరిపోయేంతే అయితే కందిగింజ. కొలువే లేకపోతే గులకరాయి. ఐదు మూటలు ఐదు రంగులైనా బస్టాండు రద్దీలో ఏది ఏదో తికమక పడుతుంటే సరిత వాటి మీద పేర్లు రాసింది. "అమ్మా, ఇది చూడు, ఇట్ల ఉన్నది సివిల్," అని వేలు పట్టి దిద్దించింది. అట్లా నేను నేర్చుకున్న మొదటి మాట సివిల్. అమ్మ, ఆవు, ఇల్లు కాదు. నా పేరు చెన్నమ్మ అని రాయడం కూడా దాని తర్వాతే వచ్చింది. మూటల మీది ఐదు పేర్లలోని అక్షరాలు వచ్చేసరికి బస్సు బోర్డుల మీద అవే అక్షరాలు కనిపించడం మొదలైంది. వనపర్తి బోర్డులో 'ప' నాకు దొరికిన రోజు, పరాయి ఊళ్ళో మేనత్త ఎదురైనట్టు సంతోషపడ్డాను.

రెండు నెలల్లో మూటలు బరువెక్కాయి. కంప్యూటర్ల మూట అన్నిటికంటే నిండుగా, మొత్తం పల్లిగింజలే. సివిల్ మూటలో పల్లిగింజలు కొన్ని, కందిగింజలు ఎక్కువ, రాళ్ళు ఆరో ఏడో. సివిల్ చదివిన పిల్లలు మొహమాటం లేకుండా చెప్పేవారు. "కంట్రాక్టరు కాడ చేస్తున్నమ్మా, ఇచ్చినప్పుడే ఇస్తడు," అని ఒకరు. "ఖాళీగున్న, బుడ్డలు పోయి," అని ఇంకొకరు. కంప్యూటర్ల వాళ్ళు కొందరు పెద్ద జీతమే చెప్పేవారు. కొందరు తక్కువ చెప్పినా నేను కందిగింజ వేయలేదు, పల్లిగింజే వేశాను. ఎందుకంటే మా దిక్కు ఎవరూ ఉన్నది ఉన్నట్టు చెప్పరు. ఇరవై బస్తాలు పండిన రైతును అడిగితే, "ఏం పండిందిలే, పది కాలే," అంటాడు. దిష్టి తగులుతుందని భయం. అడిగినవాడు కూడా మనసులో దాన్ని రెండింతలు చేసుకునే పోతాడు. ఈ పిల్లలు కూడా మా రైతుల పిల్లలే కదా, తగ్గించే చెబుతున్నారని అనుకున్నాను. "ఆఫర్ వచ్చిందమ్మా, చేరే తారీఖు రావాలె," అన్నవాళ్ళకు కూడా పల్లిగింజే వేశాను. కొలువు వచ్చినట్టే కదా, దిష్టికి జంకి దాచుకుంటున్నారని నా లెక్క.

ఆ మూట చూసి యాదగిరి మీసం దువ్వాడు. సరిత ముఖం చిన్నబోయింది. పరీక్ష రాసి వచ్చింది, ర్యాంకు కూడా మంచిదే వచ్చింది. ఆ ర్యాంకుకు హైదరాబాదులో పాత సర్కారు కాలేజీలో కంప్యూటర్ల సీటు రాదు, సివిల్ వస్తుంది. కంప్యూటర్లు కావాలంటే ఊరి బయట కొత్తగా కట్టిన కాలేజీల్లోనే. ఆ ఏండ్లలో ఫీజు సర్కారే కడుతుందని ఎక్కడ చూసినా కొత్త కాలేజీలే లేచాయి. యాదగిరి ఒకదాని రంగుల కాగితం తెచ్చాడు. అద్దాల మేడ, ముందు పచ్చగడ్డి. "గిది చూడు అక్కా, పెండ్లి హాలు లెక్కున్నది," అన్నాడు. నేను కాగితం పట్టుకుని సరిత వైపు చూశాను. "నీ మూట ఏం చెప్తే గదే చేస్త అమ్మా," అంది. గొంతులో కోపం లేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

తొలకరి ముందు విత్తనం బుడ్డలు ఒలిచే పని ఉంటుంది. మిషను పడితే గింజ చిట్లుతుంది కాబట్టి విత్తనానికి చేత్తోనే ఒలవాలి. గుమ్మం ముందు చాప పరిచి నేనూ సరితా మా అత్తమ్మా ఒలుస్తున్నాం. బొటనవేలు గోరు అరిగి మండుతుంటుంది, అయినా మాటల్లో పడితే తెలియదు. మూటలు నా పక్కనే ఉన్నాయి. అత్తమ్మ చూపు సరిగా ఆనేది కాదు. విత్తనం అనుకుందో ఏమో, కంప్యూటర్ల మూట తీసి విప్పి గింజలు అరచేతిలో పోసుకుని వేళ్ళతో కెలికింది. ముడుచుకున్న గింజ కోసం వెతుకుతోందని నాకు తెలుసు. "ఓ పిల్లా, ఎక్కడివే గియ్యి?" అంది. "అవి తినేటియి కావు అత్తమ్మా, కంప్యూటర్లోళ్ళవి." ఆమెకు ఆ మాట ఎక్కలేదు. మళ్ళీ కెలికి, "ఒక్క ముడుసుకపోయిన గింజన్న లేదు, మట్టిగడ్డ లేదు, రాయి లేదు. తాలు లేని బస్త ఏ చెలకల పండుతదే? ఏరి పైన పోసి సూపెట్టిన్రు నీకు. మోసపోయినవ్," అని చేయి దులుపుకుంది.

నా చేతిలోని కాయ చేతిలోనే ఉండిపోయింది. ముప్పై ఏండ్లుగా మార్కెట్‌కు బస్తాలు మోసినదాన్ని. పైన నిండు కాయలు, అడుగున తాలు పోసిన బస్తాను తూకానికి ముందే చెయ్యి దూర్చి పట్టేదాన్ని. అలాంటిది ఇంత పెద్ద మూటలో ఒక్క రాయి లేకపోవడం నాకు తట్టలేదు. సివిల్ మూటను పక్కన పోశాను. పల్లిగింజ, కందిగింజ, రాయి, అన్నీ కలిసి ఉన్నాయి. చేను లోంచి అప్పుడే తెచ్చిన పంటలా ఉంది. సరిత నన్ను చూసి పకపకా నవ్వింది. "నానమ్మా, నీకు ఎంసెట్ రాపిస్తే ఫస్టు ర్యాంకు!" అని ఆమె బోసినోటిని ముద్దాడింది. "రాంకు గీంకు నాకేందే, జర సున్నం డబ్బియ్యి," అని ఆమె తమలపాకు తీసుకుంది.

ఆ ఆదివారం బుట్ట లేకుండా బస్టాండుకు పోయాను. కొంగు ముడిలో వేయించిన పల్లీలు, చేతిలో కంప్యూటర్ల మూట పెట్టుకున్నాను. మంజుల అనే పిల్ల కోసం. వనపర్తి పక్క ఊరి పిల్ల, కంప్యూటర్లు చదివింది, యాసంగి అంతా ప్రతి ఆదివారం నా దగ్గరే కొనేది. ఆఫర్ వచ్చింది, తారీఖు రావాలి అని చెప్పినవాళ్ళలో ఆమె ఒకతి. నన్ను చూడగానే, "ఇయ్యాల బుడ్డలు తేలేదా అమ్మా?" అంది. "బుడ్డలు లేవు బిడ్డా. నీ తారీఖు వచ్చిందా అని అడగనీకె వచ్చిన," అన్నాను. ఆ పిల్ల బస్సు వైపు చూసింది, చెప్పుతో నేల మీద గీసింది. "తారీఖు లేదు, ఆఫర్ లేదు. ఏడాదైంది. రూముల నలుగురం ఉంటం, ఏదో కోర్సు నేర్చుకుంటున్నం. ఇంట్ల గూడ కొలువున్నదనే చెప్పిన."

"మరి నాకెందుకు అబద్ధం చెప్పినవ్? నేను నీకేమైత?"

ఆమె తలెత్తి నవ్వింది. "రాయి వేస్తవేమోనని. కొలువు లేదన్నోళ్ళకు నువ్వు కొంగు చాటున రాయి వేస్తుంటే చూసిన. నా పేరు మీద రాయి పడుతదంటే మనసొప్పలే. ఇంకోటి, కొలువున్నదంటే గిద్దెడు ఎక్కువ పోస్తవు గద."

నాకూ నవ్వొచ్చింది. ఉన్నా లేకపోయినా నిజం చెబితే చాలు, గిద్దెడు పోసేదాన్నే కదా. ఇద్దరం అరుగు మీద కూర్చుని ఆ వేయించిన పల్లీలు తిన్నాం. అప్పుడు ఆమె చెప్పిన మాట నేను అడగనే అడగని మాట. "నువ్వు ఏం సదివినవ్ అని అడిగినవు గని, ఏడ సదివినవ్ అని ఎవ్వరినీ అడగలే. కంప్యూటర్లు మంచి సదువే. మంచి కాలేజీల సదివినోళ్ళు నీకు చెప్పిన జీతం అబద్ధం గాదు. మా కాలేజీల సీటెట్లిచ్చిన్రో తెల్సా? పోయి నిల్సున్న, ఇచ్చిన్రు. వద్దని ఎవ్వర్నీ పంపియ్యలే. కొలువులిచ్చేటోళ్ళకు గూడ గది ఎరుకనే. మా గేటు దిక్కు ఒక్కడు తొంగి చూడలే. గదే పాత సర్కారు కాలేజీల ఏ బ్రాంచి సదివినా, వీండ్లు ర్యాంకు చూసి ఏరిన గింజలని ముందుగల్ల వాళ్ళనే పిలుస్తరు."

పోయేటప్పుడు కంప్యూటర్ల మూట విప్పి, ఒక పల్లిగింజ తీసేసి, రాయి వేద్దామా అని ఆమె వైపు చూశాను. తనే కింద నుంచి ఒక నున్నటి రాయి ఏరి మూటలో వేసింది. "ఇగ నిజమైన లెక్క," అంది. బస్సు కదులుతుంటే కిటికీలోంచి చెయ్యి ఊపింది.

కౌన్సెలింగుకు హైదరాబాదు పోయాం. నేను, సరిత, యాదగిరి. మా ఆయన బర్రెల కోసం ఆగిపోయాడు. పెద్ద హాలు, వందలమంది, ముందు తెర మీద కాలేజీల పేర్లు, వాటి పక్కన ఇంకా ఎన్ని సీట్లున్నాయో అంకెలు. సీటు పోగానే అంకె తగ్గుతుంది. అప్పటికి నాకు కూడబలుక్కుని చదవడం వచ్చు కానీ తెర మీద అన్నీ ఇంగ్లీషు అక్షరాలే. అంకెలు మాత్రం నాకు తెలిసినవే. సరిత చూపించిన పాత సర్కారు కాలేజీ సివిల్ పక్కన మూడు ఉంది. యాదగిరి కాగితంలోని అద్దాల మేడ కాలేజీ కంప్యూటర్ల పక్కన పెద్ద అంకె. మేం గంటసేపు కూర్చున్నా అది కదలలేదు. నేను బస్టాండు మనిషిని. కండక్టరు చెయ్యి పట్టుకుని, "ఎక్కమ్మా, ఎక్కమ్మా" అని గుంజే బస్సు ఎప్పుడూ ఖాళీదే. నిండే బస్సు దగ్గర ఎవరూ గుంజరు, మనమే పరుగెత్తాలి.

మూడు కాస్తా రెండయింది. సరిత నా చెయ్యి పట్టుకుంది. "మామా, నేను సివిల్ తీసుకుంట," అంది. "అక్కా, నువ్వన్న చెప్పు!" అన్నాడు యాదగిరి, పక్కవాళ్ళు తిరిగి చూసేంత గట్టిగా. "ఎండల మాడిపోతది. ఆడపిల్ల నిలవడుతదా?"

నా నోట్లోంచి ఆలోచించకుండానే వచ్చింది. "ఎందుకు నిలవడదు రా? నేను ముప్పై ఏండ్ల సంది ఎక్కడ నిలవడ్డ? నిన్ను బడికి పంపిన పైసలు ఏ నీడల సంపాయించిన?"

ముందు వరసలో ఒక పెద్దమనిషి, "గట్ల అడుగమ్మా," అన్నాడు. చుట్టూ నవ్వులు. యాదగిరి కూడా ఒక క్షణం ముడుచుకుని, తర్వాత తల గోక్కుని నవ్వాడు. అంతలో సరిత నంబరు పిలిచారు. తెర మీద రెండు ఒకటి అయింది. సరిత లేచి పరుగెత్తింది. దాని చున్నీ కుర్చీ చేతికి తట్టుకుంటే నేను విడిపించి వెనకనే పరుగెత్తాను. కాసేపటికి తెర మీద ఆ ఒకటి కూడా పోయి సున్నా వచ్చింది. మొదటిసారి సున్నాను చూసి సంతోషపడ్డాను, అది మాది. బయటికొచ్చాక యాదగిరే అందరికీ బజ్జీలు కొనిపెట్టాడు. "మా సరిత సర్కారు కాలేజీ," అని బజ్జీలవాడికి కూడా చెప్పాడు.

సరిత క్లాసులో ఆడపిల్లలు కొద్దిమందే. చదువయ్యాక దాని మొదటి కొలువు కంట్రాక్టరు దగ్గర. జీతం చెప్పగానే నేను సివిల్ మూట విప్పి నిజాయితీగా కందిగింజే వేశాను. "గంత చిన్నదా అమ్మా?" అని అది మూతి ముడిచింది. తర్వాత పరీక్ష రాసి సర్కారు కొలువు తెచ్చుకున్నాక కందిగింజ తీసి పల్లిగింజ వేసే భాగ్యం మా అత్తమ్మకే ఇచ్చాం. ఆమె ఆ గింజను ముందు చెవి దగ్గర పెట్టి ఆడించి చూసింది. మంజులకు కూడా రెండేళ్ళకు హైదరాబాదులోనే మంచి కొలువు దొరికింది. ఫోను చేసి, "ఇగ ఆ రాయి తీసెయ్యమ్మా," అంది. తీసేశాను. నేను ఆపకుండా అక్షరాలు నేర్చుకుంటూ పోయాను. మూటల తర్వాత బోర్డులు, బోర్డుల తర్వాత పేపరు, ఇప్పుడు ఇదిగో ఇంత రాస్తున్నాను.

ఇప్పుడు పిల్లలు ఫోనులోనే కాలేజీలు, ర్యాంకులు, జీతాలు అన్నీ చూసుకుంటున్నారు. మా వీధి అమ్మాయి ఒకతి మొన్న నా ముందే వేలితో పైకీ కిందికీ జరిపి, ఏ చదువుకు ఎంతో చూపించింది. నాకు రెండు నెలలు, రెండు బస్తాల బుడ్డలు పట్టిన పని దానికి రెండు నిమిషాలు. ముచ్చటగానే ఉంది. కానీ దానిలో కూడా పల్లిగింజలే కనిపించాయి నాకు. "రాళ్ళు ఎక్కడున్నయ్ బిడ్డా?" అని అడిగితే ఆ పిల్లకు అర్థం కాలేదు. ఇప్పుడు డబ్బా దొరికింది కాబట్టి దానికి మూటలు చూపించాలి.

డబ్బా దొరికిన వారం తర్వాతే నాగర్‌కర్నూల్ వైపు సరిత పని చేయించే కాలువ చూడడానికి పోయాను, ఉడకబెట్టిన బుడ్డలు గిన్నె నిండా పట్టుకుని. నిండు మధ్యాహ్నం. నా బిడ్డ టోపీ పెట్టుకుని గట్టు మీద నిలబడి ఎవరినో కేకలేస్తోంది. ముఖం నా ముఖంలాగే నల్లబడింది. వీపు మీద ఉప్పు చారలు కూడా చూశాను, ఎందుకో ఇప్పుడు బాధ అనిపించలేదు. "అమ్మా, నువ్వు ఎండల నిలవడకు, గా పందిరి కిందికి పో!" అని అక్కడి నుంచే అరిచింది. కాలువ పని ఎక్కడ మొదలైనా ముందు ఆ పందిరి వేయిస్తుందట, కూలి ఆడవాళ్ళు సద్ది తినడానికి, పిల్లలను పడుకోబెట్టడానికి. పైన పచ్చటి వల, కింద తడిపిన నేల చల్లగా ఉంది. ఆడవాళ్ళు జరిగి చోటిచ్చారు.

ఒకావిడ పక్కన పదేళ్ళ కూతురు కూర్చుని ఉంది. ఆమె సరిత వైపు చూపించి, "నీ బిడ్డనా పెద్దమ్మా? ఏం సదివింది? నెలకెంతొస్తది?" అని అడిగింది. నా నోరు దానంతట అదే సగం చేసి చెప్పింది. ఆమె కళ్ళు చికిలించి, "గిది మాకు చెప్పే లెక్క. మరి నిజం లెక్క?" అంది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు పైట అడ్డం పెట్టుకుని నవ్వారు. నేను ఆమె ఒడిలో రెండు దోసెళ్ళు బుడ్డలు పోసి, ఆమెను, ఆమె బిడ్డను దగ్గరికి పిలిచి, సరిత ఏం చదివిందో, ఏ కాలేజీలో చదివిందో, మొదటి జీతం ఎంతో, ఇప్పుడు ఎంతో, ఒక్క రూపాయి దాచకుండా చెప్పాను.